మార్త నీడ ఫోటో

మహాలయ అమావాస్య! మిట్టమధ్యాహ్నం! ఆకాశం కాటుకలా కమ్ముకుంది... ఉరుము వెంట ఉరుము! కృష్ణలంకలోని ఆ పెంకుటింటి చూరులో పట్టపగలే గుడ్లగూబ కూసింది...

అమలమ్మ ఉలిక్కిపడింది. కూతురి సంచిలో తెల్లచీర పెట్టి, తీసి, మళ్ళీ మడిచి పెట్టింది. మార్తకి దివిసీమలో నర్సు ఉద్యోగం వచ్చింది. రెండు గంటలకి బస్సు. పదేళ్ళ కిందట మొగుడు జక్కయ్య ఇలాగే సంచి పట్టుకుని వెళ్ళాడు... మళ్ళీ రాలేదు. కూతురు కూడా అలా పోకూడదు! అందుకే, ప్రభువుకి కూడా చెప్పుకోకుండా, ఫోటోల బసవపున్నయ్యని ఆశ్రయించింది. "నీడ పట్టి దాచానంటే మనిషి ఊరు దాటదు" అన్నాడతను.

జ్ఞాపకానికి ఒక నీడ ఫోటో అని మార్తని బయల్దేరదీసింది.

"ఇదేం ఫోటోనే అమ్మా! మొహమే కనపడదంటగా? రేపు చూసి ఎవత్తో అనుకుంటావు."

"జడ చూసి పోల్చుకుంటాలే, పద."

తలుపులు మూసిన స్టూడియో... నిలువునా కట్టిన తెల్లదుప్పటి... దాని వెనక భగభగమండే వెయ్యి క్యాండిల్ బల్బు! ఇవతల చిమ్మచీకటి, దుప్పటి ముందు మార్త. కెమెరా కాళ్ళ మధ్య, సిందూరం పూసిన కపాలం!

"పక్కకి తిరుగమ్మాయ్. గడ్డం ఎత్తు. చెయ్యి నడుముకి ఆనించమాక, మధ్యలో వెలుతురు కనపడాల. అంటుకుందా, మనిషి కాదు, మొద్దు పడుద్ది."

ముక్కు, పెదవి, జడ, వేళ్ళు... ఒక్కొక్కటీ విడివిడిగా, వెలుగుమీద చెక్కినట్టు నల్లగా నిలిచాయి. బసవపున్నయ్య పెదవులు మంత్రం జపించాయి. టక్!

కెవ్వున అరిచి మార్త కూలిపోయింది. ఆమె నీడ మాత్రం దుప్పటిమీద అలాగే నిలబడి ఉంది!

"పోకుండా చూడమన్నాను గానీ చంపమన్నానా?"

"నీడ లేనిది ఎక్కడికి పోద్దే? దాని ఊపిరి కపాలానికి! మిగిలిన ఏళ్ళు నాకు!" వికటాట్టహాసం!

మార్త కళ్ళు తెల్లబడ్డాయి. ఆమె నోట కపాలం మగగొంతుతో బొంగురుగా పలికింది... "ఆకలి... విడిగా ఉన్న నీడ కావాలి..."

విడిగా! అమలమ్మ ఒక్క ఉదుటున కూతుర్ని లేవదీసి, దుప్పటి ముందు గుండెలకి అదుముకుంది. దుప్పటిమీది నీడ ఆ ఇద్దరి నల్లదనంలో కలిసిపోయింది. ముక్కు లేదు, జడ లేదు... ఒకటే నల్లటి ముద్ద!

"వదులే! విడిపోండే!" బసవపున్నయ్య వాళ్ళని లాగడానికి వెలుగులోకి దూకాడు. అంతే! అతని ముక్కు, గడ్డం, చాచిన పది వేళ్ళు... దుప్పటిమీద విడివిడిగా, స్పష్టంగా తేలాయి. కపాలం దవడలు తెరుచుకున్నాయి... ఆర్తనాదం! బల్బు పేలింది! అమలమ్మ తలుపు తన్ని తెరిచేసరికి, అతనున్న చోట పిడికెడు బూడిద.

"అమ్మా, ఊపిరాడట్లా... వదులు."

అమలమ్మ వదల్లేదు.

"బస్సు పోద్దమ్మా. అక్కడ రోగులు ఎదురు చూస్తంటారు."

తనని తానే నరుక్కుంటున్నట్టు అమలమ్మ ఒక్కొక్క వేలే విప్పింది. రెండు గంటల బస్సు తానే ఎక్కించింది.

అది 1977. నవంబరు పంతొమ్మిది, శనివారం నాడు దివిసీమమీద సముద్రం ఉప్పెనై పడింది. మార్త తిరిగి రాలేదు.