కింది వరసలో పెట్టిన తీగ

"మళ్ళీ చచ్చిందండీ మీ ఫోను!"

మీటింగ్ గది గుమ్మంలో నిలబడి ఆఫీసు సూపర్‌వైజరు అరిచాడు. ఫోన్లు బిగించే అమ్మాయి పనిముట్ల సంచి దభీమని కింద పడేసింది.

"పొద్దున్నే కదండీ బాగుచేశాను, ఫిర్యాదు గారూ!"

అతనికి ఆమె పెట్టిన పేరది. ఆమెకి అతను పెట్టిన పేరు కేబులమ్మ. పైకి అనే ధైర్యం మాత్రం లేదు. ఆమె, వాళ్ళ నాన్న కలిసి ఈ ఆఫీసుకి కాన్ఫరెన్స్ ఫోన్లు బిగించడానికి వచ్చారు. ఇదొక్కటీ పలికితే పని పూర్తి. రేపు వేరే ఊరు. ఆ మాట విన్నప్పటినుంచి అతనికి తిండి సయించడం లేదు. ఎదుటి మనిషి గడప దాటాక గాని నోరు పెగలని వాళ్ళుంటారు. అతనూ ఆ బాపతే.

ఆమె బల్ల కింద దూరి, తీగకి టెస్టర్ తగిలించి, తల బయటపెట్టింది.

"ఇక్కడంతా బాగానే ఉంది. నిజం చెప్పండి. నన్ను మళ్ళీ మళ్ళీ పిలవడానికి మీరే ఏదో చేస్తున్నారు కదూ?"

అతను కొయ్యబారిపోయాడు. "నేనా? అమ్మతోడు, నాకా ఆలోచనే రాలేదండీ!"

"రాలేదా?" ఆమె మొహం చిన్నబోయింది.

మొదటి షాకు నుంచి తేరుకోకముందే అతనికి ఇది రెండోది.

"పదండి, అవతలి కొస చూద్దాం," అంటూ ఆమె విసవిసా నడిచి, ఆఫీసు తీగలన్నీ వెళ్ళి చేరే గది తలుపు తోసింది.

లోపల వాళ్ళ నాన్న! కూతురు వచ్చి చూసేలోపే, గోడ మీది బోర్డులో మీటింగ్ గది తీగని కింది వరసలోంచి పీకి మళ్ళీ పై వరసలోకి మారుస్తూ దొరికిపోయాడు. పై వరస నెట్‌వర్క్. ఫోనుకి కరెంటు కూడా అక్కణ్ణుంచే. కింది వరస పాత టెలిఫోన్ లైన్లు. అందులో పెడితే ఫోను చచ్చినట్టే.

"నాన్నా! నువ్వా?"

పెద్దాయన తెగించాడు. "ఏం చెయ్యమంటావే? ఇంటికొస్తే ఫిర్యాదు గారిలా అన్నారు, అలా అన్నారని నా బుర్ర తినేస్తావు. ఈ బాబేమో నోరు విప్పడు. ఫోను బాగైతే మనం వెళ్ళిపోమూ?"

ఆమె చెవులదాకా ఎర్రబడింది. పెద్దాయన తీగ తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇది పై వరసలో పెట్టావంటే మా పని అయిపోయినట్టే బాబూ. చెప్పేదేదైనా ఉంటే ఇప్పుడే చెప్పు."

అతను తీగ పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"వెళ్ళకండి," అన్నాడు ఆమెతో. "అంటే... మీ నాన్నగారు వెళ్ళినా సరే, మీరు... నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆ కంగారులోనే తీగ గుచ్చేశాడు. క్లిక్కుమంది. బోర్డు మీద లైటు వెలగలేదు.

ఆమె వంగి చూసింది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"కింది వరసలో పెట్టారండీ. మిమ్మల్ని ఇలా వదిలేసి ఎలా వెళ్ళనూ?"

పెద్దాయన ఇక ఆ తీగ జోలికి పోలేదు. తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి, బయటికి నడిచాడు.