పారిపోవాల్సింది పెళ్ళికొడుకు

సెయింట్ జాన్ పండక్కి మా వీధిలో ఏటా ఒక ఉత్తుత్తి పెళ్ళి జరుగుతుంది. దానికి ఫాదర్‌ని నేను. మామూలు రోజుల్లో సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటాను.

కథ ఎప్పుడూ ఒకటే. పెళ్ళికూతురి గౌను లోపల కడుపులా దిండు ఉంటుంది, పెళ్ళికొడుక్కి పెళ్ళంటే వణుకు ఉంటుంది. "ఈ పిల్లని చేసుకుంటావా?" అని నేను అడగ్గానే వాడు పరుగు లంకించుకోవాలి. పిల్ల తండ్రి చెక్క తుపాకీతో, పోలీసు లాఠీతో వెంటపడి, మెడ పట్టుకుని తెచ్చి నిలబెట్టాలి. వాడు చచ్చినట్టు ఒప్పుకుంటాడు, అకార్డియన్ మోగుతుంది, జంటలన్నీ డాన్సు మొదలెడతాయి. మా తాతల కాలం నుంచీ ఇదే తంతు, అయినా జనం ప్రతి ఏడూ పడీపడీ నవ్వుతారు.

ఈసారి ఆ జంటగా గివాల్దోని, జసీరాని వేసింది కమిటీ. కమిటీ అంటే నేనూ, మాంసం కొట్టు అబ్దియాస్ బాబాయీ. కావాలనే వేశాం, దాచడం దేనికి? వాళ్ళిద్దరినీ చూసీ చూసీ మా కంపీనా గ్రాండి ఊరు మొత్తానికి కాకపోయినా మా వీధికి మాత్రం విసుగెత్తిపోయింది.

మా దగ్గర ముద్దు పెట్టుకున్నంత మాత్రాన ఎవరికి ఎవరూ ఏమీ కారు. ఊరికే ఉన్నారంటాం. ఇద్దరిలో ఒకరు నోరు తెరిచి అడిగితేనే అది నమోరు. అప్పుడే వాడు ఆమె మనిషి, ఆమె వాడి మనిషి. అడగడానికి పట్టేది అర నిమిషం. వీళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ స్నేహితులు, రెండేళ్ళ నుంచీ ఊరికే ఉన్నారు. సినిమాలకి వెళ్తారు, వానొస్తే ఒకే గొడుగులో తడుస్తారు, ఆదివారం జసీరా వాళ్ళింట్లో వాడు మేక కూర తిని గిన్నెలు కూడా కడుగుతాడు. మీరిద్దరూ ఏమిట్రా అంటే మాత్రం వాడు వాతావరణం గురించి మాట్లాడతాడు, ఆమెకి అర్జెంటుగా ఏదో ఫోన్ వస్తుంది.

గివాల్దో డ్రైవింగ్ నేర్పుతాడు. మలుపు తిరిగే ముందు ఇండికేటర్ వెయ్యండమ్మా అని రోజంతా ఊళ్ళో వాళ్ళ మీద అరుస్తాడు. తన బతుక్కి మాత్రం ఆ దీపం బిగించుకోలేదు.

జూన్ పన్నెండు మాకు ప్రేమికుల రోజు. ఊరికే ఉన్నవాళ్ళకి అదొక గండం. బహుమతి కొంటే మాటిచ్చినట్టు, కొనకపోతే మొహం చెల్లదు. ఆ రోజు గివాల్దో తనకి డెంగీ అని కబురు పంపి, నా కొట్లో వెనక బల్ల మీద కూర్చుని రెండు ప్లేట్ల కుస్కుస్ లాగించాడు. తను పనిచేసే షాపులో సరుకు లెక్కలున్నాయని జసీరా ఫోన్ ఆపేసింది. ఆ రోజు ఆ షాపు తియ్యనే లేదు. ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు, ఇద్దరూ రెండోవాళ్ళకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.

ఇది ఇలాగే సాగేదేమో. కానీ జసీరా పనిచేసే పశువుల మందుల షాపుకి వచ్చే డాక్టరొకాయన, నెమ్మదస్తుడు, ఆమెని నేరుగా అడిగేశాడు. పండగయ్యాక చెప్తానంది. ఆ సంగతి గివాల్దోకి చెప్పి వాడి మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఈ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? ఆయన మంచివాడే, ఆలోచించమన్నాడు. తర్వాత నా కొట్టుకొచ్చి తల పట్టుకుని కూలబడ్డాడు. జసీరా పోతే నాకింకేం మిగల్దురా అని ఏడ్చాడు. ఆ మాట నాకు కాదు, ఆమెకి చెప్పరా అన్నాను. ఆమెకి ఇష్టం లేకపోతే స్నేహం కూడా పోతుందన్నాడు.

పండగ సాయంత్రం సన్నగా తుంపర. ఇళ్ళ ముందు ఆనవాయితీగా వేసిన మంటలు పొగ కక్కుతున్నాయి. నేను ఫాదర్ నల్ల గౌను వేసుకుని మైకులో గొంతు సవరించుకున్నాను.

"గివాల్దో, ఈ జసీరాని చేసుకుంటావా?"

పోలీసు లాఠీ ఎత్తాడు. పిల్ల తండ్రి వేషంలో అబ్దియాస్ బాబాయ్ తుపాకీ భుజానికెత్తాడు. గివాల్దో కదల్లేదు.

"చేసుకుంటాను," అన్నాడు. "నాటకంలో కాదు, నిజంగానే. ముందు నమోరు. జసీరా, నాతో ఉంటావా?"

జసీరా రంగు పూసిన బుగ్గల కింద తెల్లగా పాలిపోయింది. వాడి వంక చూసింది, జనం వంక చూసింది, గౌను రెండు చేతులా పైకెత్తి పరుగందుకుంది. దిండు జారి కింద పడింది. ఇదేదో కొత్త హాస్యమనుకుని జనం ఈలలేశారు. పాపం పోలీసు ఎవర్ని పట్టుకోవాలో తెలియక అకార్డియన్ వాయించేవాణ్ణి పట్టుకున్నాడు.

మొక్కజొన్న కండెలమ్మే బండి వెనక దొరికింది. గివాల్దో ముందు, నా నల్ల గౌను కాళ్ళకి అడ్డం పడుతూ నేను వెనక. జసీరా కళ్ళ కాటుక కారిపోయి ఉంది.

"రెండేళ్ళు మా వంటింట్లో గిన్నెలు కడిగావు," అంది. "అక్కడ అడగలేదు. డాక్టరు సంగతి చెప్పినప్పుడు అడగలేదు. ఇవాళ మైకు ముందు అడిగావు. ఎందుకు? నేను కాదనలేననేగా?"

వాడు నిజమే చెప్పాడు. అవునన్నాడు. మనిద్దరమే ఉన్నప్పుడు నువ్వు కాదంటే తట్టుకోలేను, జనంలో అయితే కాదనవు, కాదన్నా నాటకమని నవ్వేసి ఊరుకోవచ్చు అనుకున్నానన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

నాకక్కడ పని లేదని తెలుసు. అయినా కండె ఒకటి కొనుక్కుని నిలబడ్డాను.

"నువ్వొక్కడివే పిరికివాడివి కాదులే," అంది జసీరా. "నేనూ అడగొచ్చు. అడగలేదు. నాకు ఎవరితో చెడినా వచ్చి నీతోనే చెప్పుకుని ఏడుస్తాను. రేపు నీతోనే చెడితే ఎవరితో చెప్పుకోవాలిరా?"

తుంపర కాస్తా వానయింది.

"నాతోనే చెప్పు," అన్నాడు. "కూర్చోబెట్టి, ఆ గివాల్దో ఎంత వెధవో మొత్తం చెప్పు. నేను కూడా తిడతాను. నీకంటే ఎక్కువే తిడతాను, నాకు వాడి సంగతులు ఇంకా తెలుసు."

జసీరాకి నవ్వొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ అనుకోండి.

"మరి డాక్టరు?" అన్నాడు వాడు భయంభయంగా.

"వద్దని నిన్ననే చెప్పేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?"

అప్పుడడిగాడు. మైకు లేదు, జనం లేరు. ఆమె ఊఁ అంది. అంతే. రెండేళ్ళ నాన్చుడు ఒక్క ఊఁతో తేలిపోయింది.

ఇద్దరూ తడుస్తూ వెనక్కొచ్చారు. జనం ఇంకా కాచుకునే ఉన్నారు. తంతు పూర్తి చెయ్యాలి కదా అని నేను మళ్ళీ పెద్ద గొంతుతో, గివాల్దోని చేసుకుంటావా అని ఈసారి పెళ్ళికూతుర్ని అడిగాను.

"చేసుకోను ఫాదర్," అంది జసీరా మైకు లాక్కుని. "వీడితో నాకు నమోరే ఇప్పుడు మొదలైంది. దాన్నన్నా సవ్యంగా చెయ్యనివ్వండి."

మా వీధి చరిత్రలో పెళ్ళికూతురు పెళ్ళి వద్దనడం ఇదే మొదలు. అబ్దియాస్ బాబాయ్ తుపాకీ గోడకి ఆనించి చప్పట్లు కొట్టాడు. నేను ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టాను. ఆ ఒక్కసారికి ఫాదర్‌లా నటించలేదు, నిజంగానే దీవించాను.