వంటశాలలో మిగిలినవాడు

రాములుకు ఆ పొద్దున సంబరం పట్టరాకుండా ఉంది. ఇరవై ఏళ్లుగా ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో ఉత్తుత్తి బాంబులు పేల్చడం అతని పని. ఈసారి పేల్చాల్సింది ఆర్మీ క్యాంపు సెట్టు. తన ఈడు పిల్లలంతా హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న రోజుల్లో పట్టుబట్టి మిలిటరీలో వంటవాడిగా చేరిన కొడుకు నవీన్, ఉగ్రవాదులు దాడి చేసిన అలాంటి క్యాంపు నుంచే ప్రాణాలతో ఇల్లు చేరాడు. ఇక రాములు డైరెక్టర్ దగ్గర గొప్పలు పోకుండా ఎలా ఉంటాడు?

అతని భార్య కౌసల్య పూరీలకు కడాయి పెట్టింది. నూనె కాగిన వాసనకు నవీన్ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

“కూసో బిడ్డా. జర సేపట్ల కంపెనీ బండి వస్తది,” అన్నాడు రాములు. “కాశ్మీర్ల ఉగ్రవాది మీద కాగే నూనె ఎట్ల పోసినవో డైరెక్టర్ సారుకు చెప్పు. పేపరోళ్లు రాసింది చాలదంట.”

“నేను రాను నాయినా.”

“సిగ్గెందుకురా?”

“సిగ్గే. వింటవా మరి?” అన్నాడు నవీన్. “తెల్లారంగ నేను, మన షేక్‌పేట భిక్షం పూరీలు చేస్తున్నం. మా యూనిఫారాలే ఏసుకొని ఇద్దరు లోపలికొచ్చిండ్రు. ఒకడు కాల్చిండు. భిక్షం పేగులు బయటపడ్డయి. నేను కడాయి ఎత్తి వాని మొఖం మీద గుమ్మరించిన. తోలు ఊడొచ్చింది. ఒర్రుకుంట బయటికి ఉరికిండు. పేపర్ల గంతే రాసిండ్రు.”

“ఇంకేముంది?”

“రెండోడు మమ్మల్ని దేవులాడిండు. భిక్షాన్ని పిండి బస్తాల ఎనుకకు గుంజుకొని దాగిన. భిక్షం నొప్పికి మూలుగుతుండు. వింటే ఇద్దర్నీ చంపుతడు. ఈ చేత్తోని భిక్షం నోరు గట్టిగ మూసిన. ముక్కు గూడ మూసుకపోయింది. నా అరచెయ్యి కొరికిండు, కాళ్లు కొట్టుకున్నడు. ఆ రెండోడు అవతలి బ్యారక్‌కు పోయి ఐదుగురిని కాల్చినంక చెయ్యి తీసిన. అప్పటికే భిక్షం లేడు. తూటాకు పోయిండో, నా చేతికి పోయిండో నాకెరుక లేదు. వాళ్లమ్మకేమో బాధ పడకుంట పోయిండని చెప్పిన.”

సినిమాల్లో వందల మందిని పేల్చేసిన మనిషికి ఒక్క చావు వినడం చేతకాలేదు. బయట బండి హారన్ కొడుతోంది.

కౌసల్య పొయ్యి ఆపి వచ్చి కొడుకు చేయి పట్టుకుంది. అతను లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

“ఆరుగురు పోయిండ్రని టీవీల చెప్పిననాడు నేనేం మొక్కిననో తెలుసా?” అంది. “ఎవరన్న పోనీ, నా కొడుకు ఉంటే చాలని. భిక్షం గూడ గాడనే ఉన్నడని నాకు యాదున్నది. గీ ఇంట్ల తిని, నన్ను పెద్దమ్మా అని పిలిచిన పోరడు. అయినా గట్లనే మొక్కిన. నీది పాపమైతే నాది అంతకంటె పెద్దది.”

ఇంటికి వచ్చాక నవీన్ మొదటిసారి ఏడ్చాడు. తల్లి ఒడిలో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాములు బయటికి వెళ్లి బండిని పంపేశాడు. తిరిగొచ్చి వాళ్ల పక్కనే నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు కొడుకు వీపు నిమిరాడు.

“షేక్‌పేటకు పోదాం బిడ్డా,” అన్నాడు చివరికి. “ముగ్గురం పోయి భిక్షం అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పుదాం. ఆమె తిట్టినా, కొట్టినా పడదాం.”