ముందే వచ్చిన ప్రతిధ్వని

మా స్టూడియోలో పగలూ రాత్రీ ఒకటే. కిటికీ లేదు. గోడల నిండా నల్లటి స్పాంజి, నేల మీద మందపాటి తివాచీ, తలుపుకి చుట్టూ రబ్బరు అంచు. తలుపు వేశామంటే వీధిలో బస్సు హారన్ కూడా లోపలికి రాదు. మొదటిసారి వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. వాళ్ళని కాసేపు ఒంటరిగా కూర్చోబెట్టి చూడండి, వాళ్ళే లేచి తలుపు వెతుక్కుంటారు. తమ గుండె చప్పుడు తమకే వినబడుతుంటే ఎవరికైనా ఇబ్బందే కదా.

నాకూ అంతే. కాకపోతే నాకు బావ ఉండేవాడు.

బావ అంటే మా అక్క మొగుడు. నేను పాటలు మిక్స్ చేస్తాను, తను పక్క కుర్చీలో కూర్చుని ప్లగిన్లు రాసేవాడు. ప్లగిన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, పాటలు కలిపే సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న పనిముట్టు. ఒకటి గొంతుని నునుపు చేస్తుంది, ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది. ఒకే మందు మాత్రగానూ టానిక్కుగానూ దొరికినట్టు, ఒకే ప్లగిన్ రకరకాల ఫార్మాట్లలో వస్తుంది. ఒక ఫార్మాట్ ఒక కంపెనీ కంప్యూటర్లలో తప్ప పలకదు. ఇంకొకటి పెద్ద స్టూడియోల గడప తప్ప తొక్కదు. మాలాంటి వాళ్ళకి పనికొచ్చేవి రెండే, పాతదీ కొత్తదీ. ఆ రెండిట్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే చాలు, బావ మొదలెట్టేవాడు.

"పాత ఫార్మాట్ మా నాయనమ్మ టైపు. ఇంట్లో చప్పుడున్నా లేకున్నా కంటి మీద కునుకుండదు. కొత్తది అచ్చం మా బామ్మర్దే. లోపలికి శబ్దం రావడం ఆగితే చాలు, నిద్రపోతుంది."

"నీ పని కూడా నేనే చేస్తుంటే నిద్ర రాదా మరి" అనేవాణ్ణి.

పొద్దస్తమానం ఒకళ్ళనొకళ్ళం దెప్పుకుంటూ అలా గడిపేశాం. మొన్న ఎండాకాలంలో బావ పోయాడు. గుండె. తన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. తీసెయ్యమని అందరూ అంటారు. తీసేస్తే ఈ గదిలో నేనొక్కణ్ణే అని ఒప్పుకున్నట్టవుతుందని ఉంచేశాను. ఇప్పటికీ మిక్స్ బాగా కుదిరితే "ఎలా ఉంది?" అన్నట్టు అటు తిరుగుతాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, తిరుగుతాను.

ఆ రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ నా కోసం ఏదో కూనిరాగం తీసి రికార్డు చేశారు కదా. ఇంట్లో ఒకసారి వినిపించారు. పెద్ద హాల్లో నిలబడి పాడినట్టు... అది ఉందా నీ దగ్గర?"

"ఉందే."

"ఒక్కసారి వినిపించరా. రోజూ గుర్తు చేసుకుందామని చూస్తున్నా. మొహం గుర్తొస్తోంది. గొంతు రావట్లేదురా నాకు. ఎంత తలుచుకున్నా రావట్లేదు."

అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అక్కే. తన కోసమని ఏదీ అడిగే మనిషి కాదు. "ఇవాళే వచ్చెయ్యవే. రెడీగా పెడతాను" అన్నాను.

ఫైలు తెరిచాను. బావ గొంతు ఉంది. కానీ పొడిగా, చెవి పక్కన గొణిగినట్టుంది, మధ్యలో దగ్గు కూడా. హాల్లో పాడినట్టు చేసే ప్రతిధ్వని ప్లగిన్ బావ సొంతంగా రాసుకున్నది, అదీ పాత ఫార్మాట్లో. నా కొత్త కంప్యూటర్ పాతవాటిని గుమ్మంలోకే రానివ్వదు. ప్లగిన్ కనబడలేదని తెర మీద ఎర్ర అక్షరాలు చూపించింది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! బల్ల కింద నుంచి పాత కంప్యూటర్ బయటికి లాగి స్విచ్ వేశాను. చిటుక్కుమంది, కాలిన దుమ్ము వాసన వచ్చింది, అంతటితో సరి.

ఇక మిగిలిన దారి ఒకటే. బావ ఫోల్డర్లో అదే ప్లగిన్ కొత్త ఫార్మాట్లో కూడా ఉంది, సగం రాసి వదిలేసింది.

దాని సంగతి నాకు తెలుసు. ఏ ప్లగిన్‌కైనా తన పని చెయ్యడానికి కాస్త సమయం పడుతుంది. ఎంత పడుతుందో అది ముందే సాఫ్ట్‌వేర్‌కి చెప్పుకోవాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ఆ మేరకు ముందుకి జరిపి సర్దుతుంది. బావ ఆ అంకె దగ్గర పొరపాటున ఒక సున్నా ఎక్కువ పెట్టాడు. దాంతో గొంతు రాకముందే దాని ప్రతిధ్వని వచ్చేసేది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ తర్వాత బావ మైకు పెట్టుకుని దాంతో ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే నాతో, "దాన్ని వాడకురా" అన్నాడు.

"ఏం, సున్నా తీసెయ్యలేదా?"

"తీసేశాను. అయినా వాడకు."

నవ్వుతూ అనలేదు. అది బావ పోవడానికి కొద్దిరోజుల ముందు.

కానీ అక్క బయల్దేరే ఉంటుంది. మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చునే టైం లేదు. తగిలించాను.

ముందు బావ పాట మీద పెట్టి విన్నాను. సున్నా తీసేశానని బావ అన్నాడు గానీ, ఇంకా ప్రతిధ్వనే ముందొచ్చింది, గొంతు తర్వాతొచ్చింది. అది రికార్డయిపోయిన పాట కాబట్టి ముందుకి జరగడంలో వింతేం లేదు. ఎంత తేడా ఉందో చూద్దామని మైకు ఆన్ చేశాను. మైకులో అప్పటికప్పుడు మాట్లాడితే ఇలా రావడానికి వీల్లేదు. నేను ఇంకా అనని మాట కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

చప్పుడు లేకుండా ఏసీ ఆపాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. గది బిగుసుకుపోయింది. స్పాంజి వాసన, వేడెక్కిన వైర్ల వాసన... నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది...

"హలో?"

నా గొంతే. ఏదో పెద్ద హాల్లోంచి.

నేనింకా నోరు తెరవలేదు.

"హలో?" అన్నాను, నాకు తెలియకుండానే.

ఛ, ముందే అని ఉంటాను, గమనించలేదు అని సర్దిచెప్పుకున్నాను. ఈసారి ఏమీ అనకూడదు. శబ్దం లేకపోతే నిద్రపోయే రకం కదా, నిద్రపోనీ. పెదాలు బిగించి కూర్చున్నాను.

ఏమీ లేదు... ఏమీ లేదు...

"ఎవరూ?"

మళ్ళీ నా గొంతే. నేను అనలేదు. అనను కూడా, చచ్చినా అనను అని పంతం పట్టి కూర్చున్నాను. ఈసారి ఇందాకటి కంటే ఎక్కువసేపు గడిచింది. నవ్వొచ్చింది నాకు. అంతలో తలుపు దబదబా బాదారు.

"ఎవరూ?" అన్నాను.

అనేశాక గానీ తట్టలేదు, ఇందాక విన్నదీ అదే మాటని.

కింద షాపు టైలరు తలుపు సందులోంచి తల పెట్టాడు. "సార్, మీ బండి దారికి అడ్డంగా ఉంది" అన్నాడు. తర్వాత తీస్తానని చేత్తో సైగ చేశాను. నన్నో రకంగా చూసి వెళ్ళిపోయాడు.

అప్పుడే హెడ్‌ఫోన్స్ తీసేయాల్సింది. తియ్యలేదు. ఎందుకంటే ఆ హాల్లో, నా గొంతు వెనకాల, ఎవరో కుర్చీ జరుపుకుని కూర్చున్న చప్పుడైంది. ఇన్నాళ్ళకి నా పక్కన ఇంకో మనిషి చప్పుడు... భయం తర్వాతొచ్చింది. ముందు మాత్రం ప్రాణం లేచొచ్చింది నాకు.

"బావా?" అని వినబడింది.

"బావా?" అన్నాను.

జవాబు లేదు. చాలాసేపు ఏమీ లేదు. చెవుల్లో నెత్తురు పారుతున్న చప్పుడు... అంతే.

తర్వాత ఏడుపు. మగవాడి ఏడుపు... నాది.

"అక్కా... కళ్ళు తెరువే... అక్కా... ఒక్కసారి నా వంక చూడవే..."

హెడ్‌ఫోన్స్ లాగి పారేశాను, తీగ ఊడొచ్చింది. ప్లగిన్ చెరిపేశాను. మైకు పీకాను. అదీ చాలక కంప్యూటర్ వైరే గోడలోంచి పీకేశాను. హలో అన్నాను. ఎవరూ అన్నాను. బావా అన్నాను. ముందు వినబడ్డ ప్రతి మాటా నా నోటివెంట వచ్చింది. ఈ ఒక్కటీ రాకూడదు. నేను అనకపోతే అది జరగదు. అప్పుడు నాకు తోచిన లెక్క అదొక్కటే.

రావద్దని చెబుదామని ఫోన్ తీశాను. అంతలోనే తలుపు తోసుకుని అక్క వచ్చేసింది. మెట్లెక్కి ఆయాసపడుతోంది గానీ మొహం కళగా ఉంది. ఎన్నాళ్ళకో మంచి బట్టలు కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది.

"ఏరా, మొహం అలా పీక్కుపోయిందేం? తిన్నావా?"

"ఊఁ."

"అయితే పెట్టు మరి."

"కుదరట్లేదే. ఫార్మాట్ కలవట్లేదు. పాతదాంట్లో చేసింది కొత్తదాంట్లో..."

"అవన్నీ నాకేం తెలుస్తాయిరా. ఎలా ఉంటే అలానే వినిపించు."

"ఇంకో రోజు రావే. వేరే కంప్యూటర్ తెచ్చి పెడతాను. ఇవాళ ఇంటికెళ్ళు."

అక్క మొహం వాడిపోయింది. "ఇంకో రోజుకి మొహం కూడా మర్చిపోతానేమోరా" అంది మెల్లగా.

మంచినీళ్ళు తెస్తానని బయటి గదిలోకి వెళ్ళాను. ఏడుపు ఆపుకోడానికే వెళ్ళాను. ఏడిస్తే ఆ మాటలు ఎక్కడ బయటికొస్తాయోనని భయం. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు వింటూ కాసేపు నిలబడి, గ్లాసు నింపుకుని వచ్చాను.

అక్క బావ కుర్చీలో కూర్చుని ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, పెదాల మీద నవ్వు.

కంప్యూటర్ తెర నల్లగానే ఉంది. హెడ్‌ఫోన్స్ తీగ అక్క ఒళ్ళోంచి కిందికి వేలాడుతోంది.

"ఇదేరా..." అంది గుసగుసగా. "ఇదే గొంతు. పెట్టావుగా! కుదరదన్నావేం?"

గ్లాసు చేతిలోంచి జారింది. తివాచీ మీద పడితే చప్పుడే కాలేదు.

"వెనకాల నువ్వెందుకురా ఏడుస్తున్నావ్? ఊరుకో... పాడుతున్నారు... విననీ."

ఒక్క అంగలో వెళ్ళి హెడ్‌ఫోన్స్ లాగేశాను. అక్క కళ్ళు తెరవలేదు. తల ఇంకా తాళానికి ఊగుతూనే ఉంది. భుజాలు పట్టి కుదిపాను. అక్క చేతులు చల్లగా తగిలాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆలస్యమవుతోంది... ఇంకా ఆలస్యమవుతోంది...

పిలవాలి. పిలిస్తే లేస్తుంది. నేను ఏ వేళ పిలిచినా లేచే మనిషి. మాట గొంతులోకి వచ్చేసింది, నాలుక మీదికి వచ్చేసింది. రెండు చేతులతో నా నోరు నేనే నొక్కిపట్టుకున్నాను.

"ఊఁ... వస్తున్నా" అంది అక్క. నాతో కాదు.

కళ్ళు మూసుకునే, కూర్చున్న చోటే, కాళ్ళ చెప్పులు ఒక్కొక్కటీ విడిచి నీటుగా పక్కకి సర్దింది, ఎవరింటి గడప ముందో నిలబడ్డట్టు.