శనివారం రొట్టెలు

“నానమ్మా... మోతీ కాలు ఊగుతున్నది...” గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన ఎనిమిదేళ్ల అక్షర గుమ్మంలోనే కూలబడింది. వెనకే తల్లి నవత, తమ పెంపుడు కుక్కను రెండు చేతుల మీద మోసుకుంటూ రొప్పుతూ వచ్చింది. మోతీ మెడ చీలి ఉంది. వెనక కాలి ఎముక బయటికి కనిపిస్తోంది. నవత ముంజేతి నిండా పళ్లు దిగిన గాట్లు! తార్నాకలోని ఆ చిన్న ఇంట్లో రక్తపు బొట్లు దేవుడి గది దాకా పడ్డాయి.

నవత ఆరు నెలలుగా నలభై రెండు కిలోమీటర్ల మారథాన్‌కు తయారవుతోంది. ఇంట్లో ఏ పనీ ఆగకూడదన్నది భర్త దేవేందర్ షరతు. అందుకే చీకటితోనే లేచి, అన్నం, కూర వండిపెట్టి, ఆ తర్వాతే బూట్లు వేసుకునేది. యూనివర్సిటీ క్యాంపస్‌లో మొదటి రౌండు మోతీతో, మిగిలినవి ఒంటరిగా. ఆ ఆదివారం హాస్టళ్ల వెనక మలుపులో ఎనిమిది కుక్కలు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఒకటి మోతీ మెడ పట్టింది, ఇంకొకటి కాలు పట్టి చీల్చింది... నవత మోతీ మీద బోర్లా పడి, రాయి అందుకుని, కనబడిన తలనల్లా మోదింది. తర్వాత దాన్ని ఎత్తుకుని రెండు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తింది. ఇన్నాళ్ల సాధన ఇందుకేనా తండ్రీ... అని దారంతా వేంకటేశ్వరుణ్ణి అడుగుతూనే ఉంది.

దేవేందర్‌కు భయం వేసినా కోపంగానే బయటికి వస్తుంది. రక్తం చూడగానే నవత చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. “పొద్దున లేస్తే ఉరుకుడే. ఇగ చాలు,” అంటూ ఆమె కాళ్లనుంచి బూట్లు గుంజి, ఒకదాన్ని కత్తిపీటకేసి రెండు ముక్కలు చేశాడు. రెండోదాంతో కొట్టబోతే తల్లి భారతమ్మ అడ్డం పడింది. దెబ్బ ఆమె భుజం మీద పడింది.

“ఆమెను కాదు, నన్నే కొట్టురా. ఆ కుక్కల్ని గాడ జమ చేసింది నేను.”

నలభై శనివారాలు కుక్కలకు రొట్టెలు పెట్టమని పంతులుగారు చెప్పారట. గల్లీలో పెడితే ఇరుగుపొరుగు తగాదాకు వచ్చారని ఆమె ఆ మలుపు దాకా మోసుకెళ్లేది. అక్కడ కుక్కలు గుంపు కట్టి వేరే కుక్కను రానివ్వడం లేదని నవత రెండుసార్లు చెప్పింది. మొక్కు మధ్యలో ఆపితే దోషమని భారతమ్మ వినలేదు. నిన్న ముప్పై ఎనిమిదో శనివారం.

“ఏం మొక్కు అమ్మా?”

“నీ కోపం తగ్గాలెనని.”

దేవేందర్ చేతిలోని బూటు జారిపోయింది...

నవత ఆగలేదు. ఉత్త కాళ్లతోనే మోతీని ఎత్తుకుని ఆటో ఎక్కింది. పక్కన అత్త. విద్యానగర్ డాక్టరు ప్రాణం దక్కించాడు గానీ కాలు తీసేయక తప్పలేదు. నవత కూడా సూదులు వేయించుకుంది.

వారం తర్వాత దేవేందర్ కొత్త బూట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నవత వాటిని ముట్టుకోలేదు.

“అక్షర ముందట కొట్టినవు. తప్పని అక్షర ముందటనే చెప్పు. ఇంకోసారి చెయ్యి లేస్తే నేనీ ఇంట్ల ఉండ.”

అతను కూతురి ముందు నేల మీద కూర్చున్నాడు. “అమ్మను కొట్టుడు తప్పు, బిడ్డా.” అక్షర వెళ్లి తల్లి కొంగు పట్టుకుంది.

మిగిలిన రెండు శనివారాలు భారతమ్మ రొట్టెలు చేయలేదు. దేవుడికి కోపం రాదా నానమ్మా అని మనవరాలు అడిగితే, ఈ మొక్కు తీర్చాల్సింది మీ నాయననే అంది.

గాయాలు మానాక ఒక ఆదివారం, నవత ఆ కొత్త బూట్లు వేసుకుని, ఆ మలుపు వదిలేసి వేరే దారిన పరుగు మొదలుపెట్టింది. క్యాంపస్ గేటు దగ్గర భారతమ్మ నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది. ఒళ్లో మోతీ తల.

“ఇంకెన్ని రౌండ్లు బిడ్డా?”

“నాలుగు, అత్తమ్మా.”

“ఉరుకు. మేమిద్దరం గీడనే ఉంటం.”