పరదాలు దించే స్టేషను

ఆ స్టేషను పేరు రష్యావాళ్లే నోటితో అనరట. బండి అక్కడ ఆగేది నాలుగే నిమిషాలు. ఆ కాసేపూ బోగీలో జనమంతా పరదాలు దించుకుని కూచుంటారు. అక్కడ దిగినవాడు మళ్లీ బండెక్కడు అని దానికి పేరు.

మా కోవిల్‌పట్టి శివరామన్ అక్కడ దిగాడు... విన్నది విన్నట్టే చెబుతున్నా. నమ్మకపోతే మీ ఇష్టం.

శివరామన్ అగ్గిపెట్టెల మిషన్లు బిగించే మేస్త్రీ. పోయినేడు పెండ్లాం పంచవర్ణం విరుదునగర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ పొద్దు మొదలు మనిషి మొద్దుబారిపోయాడు. ఒక్క చుక్క కన్నీరు పెడితే ఒట్టు! సైబీరియాలో మిషను బిగించాలి, పోతావా అంటే సరేనన్నాడు. ఎనిమిదేండ్ల కూతురు సత్యప్రియను విరుదునగర్‌లో అత్తగారి దగ్గర వదిలాడు. మాస్కో నుంచి ఆరు రోజుల రైలు.

కిటికీలో మంచు, తెల్లబెరడు చెట్లు, మళ్లీ మంచు. నాలుగో రోజు, బోగీ చూసుకునే పెద్దావిడ తన మాటలు ఫోనులో ఇంగ్లీషులోకి మార్చి చూపించింది. ఈ పట్టాలు వేసింది ఖైదీలట. ఎక్కడెక్కడి వాళ్లనో తెచ్చి రాబోయే స్టేషనులో దించేవాళ్లట. చచ్చినవాణ్ణి చచ్చినచోటే పూడ్చారట. "నువ్వు మాత్రం దిగొద్దు" అని చివర్న.

మన పెద్దోళ్లూ అంతేగదా అనుకున్నాడు శివరామన్. ఎప్పుడో తెలుగుసీమ నుంచి పిల్లాజెల్లాతో నడిచొచ్చి అరవదేశపు నల్లరేగడిలో కూలబడ్డారు. తిరిగిపోయినోడు ఒక్కడైనా ఉన్నాడా? ఇంట్లో మాట్లాడుకునే తెలుగు తప్ప ఏం మిగిలింది? అనుకున్నాడే గానీ, ఏ బాధా కలగలేదు.

సాయంత్రం నాలుగింటికే చీకటి. బండి ఆగింది. పరదాలన్నీ దిగాయి.

శివరామన్ దిగాడు... ఎందుకయ్యా అంటే, మళ్లీ ఎక్కకపోతే మాత్రం ఏమౌతుందిలే అనిపించిందట. పాపిష్టి ఆలోచన! ఊళ్లో పిల్ల ఉందన్న సోయి కూడా లేదు.

ప్లాట్‌ఫారం మీద ఒకే ఒక్క ముసలామె. తలకు శాలువా, నీలి కండ్లు, అచ్చం రష్యా మొహం. పొగలు కక్కే ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, రెండు కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది. పట్టుకుంటే... మంచుగడ్డలు.

అప్పటికీ భయం పుట్టలేదు.

వెనక బండి కూత పెట్టింది. ఇక్కడే ఉండిపోదామనుకుంటూనే, అలవాటు కొద్దీ చేతులు జోడించి ఇంటి భాషలో అనేశాడు — "పోయొస్తానమ్మా."

మనం ఎవరింటి నుంచి లేచినా పోతాననం, పోయొస్తానంటాం. ఒక్క సావింట్లో మాత్రం ఆ మాట నోట రాకూడదు. చెప్పకుండా లేచిపోవాలి. చెప్పామా... మళ్లీ అలాంటి పనికే రావలసొస్తుంది. ఇది తెలియని మనిషా శివరామన్? తాను నిలబడిందెక్కడో మరిచాడంతే.

ముసలామె గబుక్కున దగ్గరికొచ్చింది. చెవి పక్కన గుసగుసగా —

"అట్ల అనబాకయ్యా... ఇది సావిల్లు. పిల్ల నీకోసం చూస్తా ఉంటాది. చెప్పకుండా ఎక్కు... మళ్లీ రాబాకు."

తెలుగు! మన కోవిల్‌పట్టి ఇండ్లల్లో మాట్లాడే తెలుగు!

మొహం ఆ రష్యా ముసలామెదే... గొంతు పంచవర్ణానిది.

శివరామన్ ఈసారి పోయొస్తాననలేదు. కదిలే బండి వెంట పరుగెత్తి, కడ్డీ పట్టుకుని ఎక్కాడు. తలుపు దగ్గరే కూలబడి, సత్యప్రియా, సత్యప్రియా అంటూ బావురుమన్నాడు.