గంగులప్ప షెడ్డులో పంక్ పాట

కురబలకోట దాటాక పాడుబడిన టమోటా షెడ్డు ఒకటుంది. పొద్దు గూకితే ఆటోవాళ్లు కూడా అటు తల తిప్పరు. కూలీ గంగులప్ప టమోటా బాక్సులు మీద పడి చనిపోయింది అక్కడే. బతికున్నప్పుడు లోడెత్తుతూ రేకు గోడ మీద దరువు వేసేవాడట. పోయాక కూడా మానలేదని ఊళ్లో చెప్పుకుంటారు.

సరిగ్గా అందుకే సాయిప్రసాద్ ఆ షెడ్డు ఎంచుకున్నాడు! వాడిది హారర్ పంక్ బ్యాండు. మొహానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ మసి, మెడలో పుర్రెబొమ్మ, గిటారు పడితే పూనకం. అదంటే వాడికి ప్రాణం. కానీ మొన్న పుంగనూరులో స్టేజీ మీద "శవం లేచింది" అని అరిస్తే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆదివారం కుప్పం ప్రోగ్రాంలోనూ నవ్వితే బ్యాండు మూసేసి నాన్న ఎరువుల కొట్లో కూర్చోవాల్సిందే.

భయపెట్టాలంటే ముందు మనం భయపడాలి కదా! వేషాలు కట్టి, బ్యాండులోని శేఖర్‌నీ అనితనీ లాక్కుని చీకటి పడగానే లోపలికి దూరాడు. గిటార్లు మోగాయి. అనిత గొంతు చించుకుంది. అంతలో—

టక్... టకటక్... టక్...

రేకు మీద దరువు!

"ఎవురప్పా అది?" శేఖర్ గుసగుసలాడాడు.

తలుపు కిర్రుమంది. తెల్లచీర... విరబోసుకున్న జుట్టు... పైకెత్తిన చెయ్యి... సాయిప్రసాద్ గిటారు అడ్డం పెట్టుకున్నాడు.

"థూ! ముదనష్టపు దెయ్యాల్లారా! మీ మొగాలు మాడ! నా సూడి గొర్రెను యాడ దాస్తిరి?"

దెయ్యం కనిపిస్తే పరిగెత్తకూడదు, చెప్పు ఎత్తి తిట్టాలి. ఆ పక్క పెద్దల పద్ధతి అది. వచ్చింది గొర్రెలు కాసే కాంతమ్మ. తిట్టు వెనక తిట్టు, తిట్టుకో దరువు!

"మనుసులమే అవ్వా, కొట్టొద్దు!" అనేలోపే సాయిప్రసాద్ చెంప మీద చెప్పు పడింది. వాడికి ఒళ్లంతా జలదరించింది, ఆ వెంటే పట్టరాని ఆనందం. ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే! కాళ్ల మీద పడిపోయాడు.

"అవ్వా, కుప్పంలో ఇట్లే తిట్టల్ల!"

"ముందు నా గొర్రెను ఎతకండి."

బాక్సుల వెనక దొరికింది, అప్పుడే ఈనిన పిల్లతో సహా. కాంతమ్మ కరిగిపోయి సరేనంది.

కుప్పంలో ఆమె మొహానికి పసుపూ మసీ పూసి, చేతికి చెప్పిచ్చి, మైకు ముందు నిలబెట్టారు. మొదటి తిట్టుకు ముందు వరసలు వెనక్కి జరిగాయి. తర్వాతి తిట్టుకు జనమంతా "ఇంగోసారి అవ్వా!" అని గంతులేశారు. నవ్విన మొహం ఒక్కటి లేదు. అద్దెకు తెచ్చిన డ్రమ్ములతను మాత్రం ఆమె జోరు అందుకోలేక చెమటలు కక్కాడు.

తిరుగు బస్సులో సాయిప్రసాద్ కాలు నేల మీద నిలవడం లేదు.

"అదిరిపోయిందవ్వా! కానీ ఆ పొద్దు షెడ్డులో రేకు మీద దరువేస్తా తిట్టినావు సూడు, అది ఇంగా బాగుండె."

"నేను యాడ ఏసినాను? నా సేతిలో సెప్పు ఒగటే ఉండె. దరువేసింది మీరు కదప్పా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందుగా తేరుకుంది కాంతమ్మే.

"అట్లయితే ఆ డ్రమ్ములోణ్ని మాన్పించండప్పా. గంగులప్పకు బతికుండంగా గూడా దరువు తప్పింది లేదు."